నేను ఎదురుచూస్తున్న సినిమాలు

(2025 సెప్టెంబర్ 28, ఆదివారం నాడు మా పట్టణ శాఖా గ్రంథాలయంలో జరిగిన నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ నెల నన్ను మాట్లాడమన్నప్పుడు నిర్వాహకులు ఉపకార వేతనాల గురించో, కుల ధ్రువీకరణ పత్రాల గురించో చెబుతానని అనుకున్నారు. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాని నోట ఆ మాటలు రావడమే సహజం. నేను మాత్రం సినిమాల గురించి మాట్లాడతానన్నాను. ఒక పెద్దమనిషి నవ్వి, "అరవై ఆరేళ్లు వచ్చాయి, ఇంకా సినిమాలేనా?" అన్నారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. వారికి నా జవాబు ఇప్పుడు మనవి చేసుకుంటాను.

మా మనవడికి తొమ్మిదేళ్లు. సాయంత్రం పూట మా వీధి పిల్లలంతా చేరి దొంగా పోలీసు ఆట ఆడుకుంటారు. ఇప్పుడా ఆటలో దొంగ పోయి ఉగ్రవాది వచ్చాడు. మూడు నెలల క్రితం ఒక సాయంత్రం వాడు ఆట మధ్యలోనే ఇంటికి వచ్చేశాడు. ఏమైందని అడిగితే, "దాదా, ఒక్కసారైనా నన్ను పోలీసును చేయరా? నీ పేరైతేనే ఉగ్రవాదికి సరిపోతుందంటున్నారు" అన్నాడు. ఆ పిల్లల్లో ఎవరికీ మా వాడి మీద ద్వేషం లేదు. రంజాన్‌కు మా ఇంట్లో సేమియా తిన్న పిల్లలే వాళ్లు. సంక్రాంతికి మా వాడు వాళ్లిళ్లలో అరిసెలు తిన్నాడు. మరి ఆ పేరు ఆ పాత్రకు సరిపోతుందని వారికి ఎవరు చెప్పారు? వాళ్ల తల్లిదండ్రులు చెప్పలేదు. ఏ బడి పుస్తకమూ చెప్పలేదు. సినిమా చెప్పింది. అందుచేత సినిమా గురించి మాట్లాడటం నా వయసుకు తగని పని కాదని నా నమ్మకం.

నేను చిన్ననాటి నుంచి సినిమా ప్రియుడిని. తెలుగు తెర మీద మాట వినిపించింది 1932లో, 'భక్త ప్రహ్లాద'తో. అప్పటి నుంచి ఇప్పటిదాకా తెలుగు సినిమాలో మనం ఎన్ని రకాలుగా కనిపించామో నాకు తెలిసినంతలో లెక్కవేసుకున్నాను. మొదట మనం రాజులం. 1955లో వచ్చిన 'అనార్కలి'లో అక్కినేని సలీం, అంజలీదేవి అనార్కలి. ఆ కాలపు తెరమీద ముస్లిం అంటే పట్టు పరదాలు, గులాబీలు, విరహం. తరువాత మనం హీరోకు స్నేహితులమయ్యాం. 1980లో 'రామ్ రాబర్ట్ రహీమ్' వచ్చింది. ఆ తరువాత రోజులు మారాయి, మనం అనుమానితులమయ్యాం.

అందరూ ఒకేలా తీశారని నేను అనడం లేదు. 2002లో కృష్ణవంశీ గారి 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ పోషించిన ఆటో డ్రైవర్ అంజాద్‌ను చూసి మనవాళ్లు ఎంతోమంది కళ్లు తుడుచుకున్నారు. 2010లో క్రిష్ గారి 'వేదం'లో మనోజ్ బాజ్‌పాయ్ పోషించిన రహీముద్దీన్ ఖురేషీ, చేయని నేరానికి పోలీసుల చేత దెబ్బలు తింటాడు. చివరకు తనను హింసించిన అధికారినే కాపాడతాడు. ఈ రెండూ సదుద్దేశంతో తీసిన చిత్రాలే. అయినా గుమాస్తా బుద్ధి గనుక నాకొక సందేహం మిగిలింది. తెరమీద ముస్లిం అయితే దేశానికి శత్రువు కావాలి, లేదా దేశం కోసం ప్రాణాలకు తెగించాలి. తన మంచితనానికి అతడు ధ్రువీకరణ పత్రం సమర్పించుకోవాలి. ఆ పత్రం మీద గెజిటెడ్ అధికారి సంతకం సరిపోదు, అతని నెత్తురే ఉండాలి. ఈ రెండింటికీ నడుమ రేషన్ దుకాణం ముందు నిలబడినవాడు, బస్సు తప్పిపోయి విసుక్కునేవాడు, కూతురి ఫీజుకు అప్పు చేసేవాడు ఎక్కడున్నాడు? మనలో నూటికి తొంభైతొమ్మిది మంది వాడే కదా!

దీనికి ప్రేక్షకుణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు. దుల్కర్ సల్మాన్ మలయాళీ ముస్లిం. 2018లో 'మహానటి'లో జెమినీ గణేశన్‌గా, 2022లో 'సీతారామం'లో లెఫ్టినెంట్ రామ్‌గా, 2024లో 'లక్కీ భాస్కర్'లో బ్యాంకు గుమాస్తాగా ఆయన కనిపిస్తే తెలుగువారు తమ ఇంటి పిల్లవాడిలా అక్కున చేర్చుకున్నారు. 'సీతారామం'లో రాముడు ప్రేమించిన సీత నిజానికి నూర్జహాన్ అని తెలిసినప్పుడు థియేటర్‌లో ఎవరూ లేచి వెళ్లిపోలేదు. ఇంకా ఎక్కువగా ఏడ్చారు. నేను ఆ చిత్రం చూసిన హాల్లో నా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ బొట్టు చెరిగిపోయేలా కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ప్రేక్షకుని హృదయం సిద్ధంగానే ఉంది. కథే రావడం లేదు.

అందుకే నేను ఎదురుచూస్తున్న సినిమాల జాబితా మీ ముందు పెడుతున్నాను. అవి నాలుగు.

మొదటిది నీరజ్ ఘేవాన్ తీసిన హిందీ చిత్రం 'హోమ్‌బౌండ్'. మొన్న శుక్రవారమే విడుదలైంది. మన దేశం తరఫున ఆస్కార్‌కు పంపే చిత్రంగా ఈ నెల 19న ఎంపికైంది. మే నెలలో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. కాన్ దాకా వెళ్లిన ఆ సినిమా మన ఊరి దాకా మాత్రం ఇంకా రాలేదు. ఇక్కడి హాళ్లన్నీ అడిగి చూశాను.

ఆ చిత్రానికి మూలం ఒక యథార్థ గాథ. పాత్రికేయుడు బషారత్ పీర్ 2020లో న్యూయార్క్ టైమ్స్‌లో దాన్ని రాశారు. ఉత్తరప్రదేశ్‌లోని ఒకే పల్లెకు చెందిన ఇద్దరు మిత్రులు సూరత్‌లో కూలి చేసుకునేవారు. ఒకరు దళితుడు, మరొకరు ముస్లిం. లాక్‌డౌన్‌లో పని పోయి, లారీలో ఇంటికి బయలుదేరారు. మధ్యప్రదేశ్‌లో దళిత యువకునికి జ్వరం తీవ్రమైంది. కరోనా అనుకొని తోటి ప్రయాణికులు భయపడ్డారు. అతణ్ణి దింపేశారు. ముస్లిం యువకుణ్ణి ఎవరూ దిగమనలేదు. అయినా అతడు దిగాడు. రోడ్డు పక్కన మిత్రుని తల ఒడిలో పెట్టుకొని నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాడు. ఆ ఛాయాచిత్రం దేశమంతా చూసింది. మిత్రుడు బతకలేదు. ఇతడు ఆ భౌతికకాయాన్ని కన్నవారి దగ్గరకు చేర్చాడు.

అది 2020 మే నెల. రంజాన్ నెల కూడా. ఆ రోజులు మీకు గుర్తున్నాయా? మన పక్కనుంచే పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒడిశాకు, బెంగాల్‌కు నడిచిపోతున్న కూలీలకు మన మసీదు కుర్రవాళ్లు ఉపవాసాలతోనే పెరుగన్నం పొట్లాలు, మజ్జిగ అందించారు. అదే వారాల్లో మన వీధిలో అరటిపండ్లు అమ్ముకునే మనిషిని, అతని పేరు అడిగి తెలుసుకొని మరీ, ఒక కాలనీలోకి రానివ్వలేదు. అతడు బండి తిప్పుకొని వచ్చి మసీదు మెట్ల మీద కూర్చున్నాడు. మాగిన పండ్లన్నీ ఆ సాయంత్రం రహదారి మీద నడిచేవారికి పంచిపెట్టాడు. కాలనీవాళ్లను ఒక్క మాట అనలేదు. ఆ మనిషిని నేను తెరమీద చూడాలనుకుంటున్నాను. 'హోమ్‌బౌండ్' కథలో మిత్రులిద్దరూ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పరీక్ష రాస్తారని చదివాను. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు మా మనవడి ప్రశ్న గుర్తొచ్చింది.

రెండవది 'హక్'. సుపర్ణ్ వర్మ దర్శకులు. యామీ గౌతమ్, ఇమ్రాన్ హష్మీ ప్రధాన పాత్రధారులు. నవంబర్ 7న విడుదలని ప్రకటించారు. ఇది షాబానో కేసు స్ఫూర్తితో తీసిన చిత్రం. ఈ పేరు వినగానే సభలో కొందరి ముఖాలు మారడం నేను గమనించాను. దయచేసి ఓపికతో వినండి.

ఇందోర్‌కు చెందిన షాబానో వివాహం 1932లో జరిగింది. ఐదుగురు బిడ్డల తల్లి. భర్త పేరున్న వకీలు. నలభై మూడేళ్ల కాపురం తరువాత ఆమెను ఇంట్లోంచి పంపేశాడు. భరణం కోసం ఆమె 1978లో కోర్టుకెక్కితే తలాక్ చెప్పాడు. కింది కోర్టు నెలకు 25 రూపాయలు ఇమ్మంది. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. ఆ మొత్తం కోసమే ఆ వకీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1985 ఏప్రిల్ 23న ఆమెకు అనుకూలంగా తీర్పు వచ్చింది. ఆ తరువాత జరిగిన రాజకీయం, 1986 నాటి చట్టం మీకందరికీ తెలిసినవే. దేశమంతా ఆమె గురించి అరిచింది. ఆ అరుపుల్లో 179 రూపాయల 20 పైసల సంగతి ఎవరికీ వినపడలేదు.

ఈ సినిమాతో మన సమాజాన్ని కొట్టడానికి కొందరు కాచుకొని ఉంటారన్నది నిజమే. ఆ భయం నాకూ ఉంది. అయినా నేను దీనికి ఎదురుచూడటానికి ఒక కారణం ఉంది. అది నా తప్పుకు సంబంధించినది.

1996లో ఒక సోదరి నా దగ్గరకు వచ్చింది. ఇద్దరు చిన్నపిల్లలు. భర్త తలాక్ చెప్పి వేరే ఊరు పోయాడు. "భాయ్, మీరు ఆఫీసులో పనిచేస్తారు, కోర్టుకు కాగితం రాసిపెట్టండి" అని అడిగింది. నాకు రాయడం వచ్చు. ఎవరికెవరికో ఎన్నో అర్జీలు రాసిపెట్టినవాణ్ణి. ఆమెకు మాత్రం రాయలేదు. "కోర్టుకు పోతే పదిమంది నోళ్లలో పడతాం. పెద్దలతో మాట్లాడి పరిష్కరిస్తాం, కొంచెం ఆగమ్మా" అన్నాను. పెద్దలు రెండుసార్లు కూర్చున్నారు, చాయ్ తాగారు, లేచారు. ఆమె కుట్టుమిషన్ మీద పిల్లల్ని పెంచింది. సరిగ్గా ఇరవై నాలుగేళ్ల క్రితం ఇదే తేదీన, 2001 సెప్టెంబర్ 28న, డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1986 చట్టం కిందనే, ఇద్దత్ గడువు లోపల, విడాకులు పొందిన స్త్రీ భవిష్యత్తు మొత్తానికి భర్త న్యాయమైన ఏర్పాటు చేయాలని ఆ తీర్పు సారాంశం. ఆ వార్త కత్తిరించుకొని ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె మిషన్ ఆపకుండానే విన్నది. "ఆకలి రోజులు గడిచిపోయాయి భాయ్, ఇప్పుడెందుకు?" అన్నది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

నిరుడు, 2024 జూలై 10న, మన పక్క రాష్ట్రం నుంచి వెళ్లిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరు స్త్రీలవలెనే అప్పటి నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చని తేల్చింది. హక్కుల పత్రిక చదివే మనం, మన ఇంట్లో ఆడపిల్ల హక్కు దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించుకుంటే, బయట మనం అడిగే హక్కులకు విలువ ఉండదు. మన ఇంటి చెత్త మనం ఊడ్చుకోకపోతే పొరుగువాడు ఊడ్చి నడివీధిలో పోస్తాడు. 'హక్' మంచి సినిమానో కాదో నాకు తెలియదు. మొదటి వారంలోనే నా భార్యతో, కోడలితో కలిసి వెళ్లి చూస్తాను. వారు ఏమంటారో విన్న తరువాతే నేను మాట్లాడతాను. చూడకముందే నిషేధించమని అర్జీ పట్టుకొని వచ్చేవారికి ముందే మనవి చేస్తున్నాను. దాని మీద నా సంతకం ఉండదు.

మూడవది 'లాహోర్ 1947'. 2023లో ప్రకటించారు. అప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. రాజ్‌కుమార్ సంతోషి దర్శకత్వంలో ఆమిర్ ఖాన్ నిర్మిస్తున్నారు. అస్గర్ వజాహత్ రాసిన ప్రసిద్ధ నాటకం దానికి ఆధారమని పత్రికలు రాశాయి. దేశ విభజన కాలంలో లక్నో నుంచి లాహోర్ చేరిన ఒక ముస్లిం కుటుంబానికి ఒక హవేలీ కేటాయిస్తారు. వెళ్లి చూస్తే అందులో ఒక హిందూ వృద్ధురాలు ఒంటరిగా ఉంటుంది. ఇల్లు వదిలి పోనంటుంది. మొదట గొడవ. తరువాత ఆమె ఆ ఇంటికే కాదు, ఆ వాడకంతటికీ పెద్దదిక్కవుతుంది. ఆమె మరణించినప్పుడు, ఆమె ధర్మం ప్రకారమే దహన సంస్కారాలు జరగాలని ఆ వాడ మౌల్వీ తీర్పు చెబుతాడు. ఆ మాట అన్నందుకు గూండాలు ఆయన్ని చంపేస్తారు.

నా ఎదురుచూపంతా ఆ మౌల్వీ కోసమే. పెద్ద హీరో, పెద్ద పోరాటాలు ఉన్న సినిమాలో ఆయనకు ఎంత చోటు దొరుకుతుందో చూడాలి. తెరమీద గడ్డం, టోపీ, తస్బీహ్ కనిపించగానే భయం పుట్టే రోజుల్లో, అవే గడ్డం, టోపీతో ఒక మనిషి పరాయి మతస్థురాలి చివరి కోరిక కోసం నిలబడటం కోట్లమంది చూస్తారు. ఆ ఒక్క దృశ్యం సరిగా వస్తే మనం పెట్టే వంద సభల పని అది చేస్తుంది. ఆయన్ని చంపినవారు కూడా మన పేర్లవారే అన్న నిజాన్ని మనమూ తల వంచుకొని చూడాలి.

నాల్గవ సినిమాకు పేరు లేదు, దర్శకుడు లేడు, తేదీ లేదు. అది తెలుగు సినిమా. అన్నింటికన్నా ఎక్కువగా దానికే ఎదురుచూస్తున్నాను.

కథలు లేవంటారా? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా వెలిగించి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పల్నాటి వీరుల కథను, బొబ్బిలి కథను తెలుగువారికి కన్నీళ్లతో వినిపించిన గొంతు ఒక దూదేకుల బిడ్డది. ఆ జీవితం సినిమాకు చాలదా? కామారెడ్డిగూడెంలో దేశ్‌ముఖ్ అండ ఉన్నవారిని ఎదిరించి, తన భూమి కోసం కోర్టులో ఏళ్ల తరబడి పోరాడిన షేక్ బందగీని 1940లో దారికాచి చంపారు. 'మా భూమి' నాటకానికి ప్రేరణ ఆ కథే. నిజాం పాలనలో రజాకార్ల దౌర్జన్యాన్ని తన 'ఇమ్రోజ్' పత్రికలో ఎండగట్టినందుకు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపారు. ఆ కాలం మీద సినిమా తీసేవారు ఆయన్ని ఒక సన్నివేశంలో చూపి ముందుకు పోకూడదు. కథ ఆయన బల్ల దగ్గర మొదలు కావాలి.

వీరులే అక్కరలేదు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివి నవ్వని తెలుగు పాఠకుడున్నాడా? వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ కథల్లో మనలాంటి ఇళ్లే ఉన్నాయి. కేరళవారు 2018లో 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' తీశారు. మలప్పురంలోని ఒక మామూలు ముస్లిం ఇంట్లో ఇద్దరు ముసలమ్మలు, కాలు విరిగిన ఒక నైజీరియా ఆటగాణ్ణి సాకడమే కథ. అందులో ఎవరూ దేశాన్ని కాపాడరు. అన్నం పెడతారు, అంతే. ఆ ముసలమ్మలు మన ఇళ్లలోనూ ఉన్నారు.

ఇక భాష సంగతి. సినిమాలో సాయిబు నోరు విప్పితే తెలుగు వంకరగా రావాలని ఒక అలవాటు ఉంది. నేను ముప్పై నాలుగేళ్లు తెలుగులోనే ఫైళ్లు రాశాను. దరఖాస్తు, రసీదు, నకలు, మంజూరు, బాకీ, జమాబందీ లేకుండా తెలుగు కచేరీ ఒక్క రోజు నడవదు. మన మాటలు తెలుగులో ఇంతగా కలిసిపోయి సుఖంగా ఉన్నప్పుడు, మనుషులు మాత్రం తెరమీద ఎందుకు పరాయివాళ్లు కావాలి?

అయితే ఎదురుచూస్తూ కూర్చుంటే సరిపోదు. మూడు పనులు మనవి చేస్తాను. ఒకటి, మంచి సినిమా వస్తే మొదటి వారంలోనే టికెట్ కొని చూడండి. హాలు యజమానికి మన కన్నీళ్ల లెక్క తెలియదు, టికెట్ల లెక్క తెలుస్తుంది. 'హోమ్‌బౌండ్' మన ఊరికి తెప్పించమని కోరుతూ ఒక వినతి రాసి తెచ్చాను. బయట బల్ల మీద ఉంది, సంతకాలు చేయండి. రెండు, చెడ్డ సినిమా వస్తే రాళ్లు వేయవద్దు. నిరసనలు జరుగుతాయన్న బెదిరింపుతో సినిమాను ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లో రంగరాజన్ కేసులో చెప్పింది. ఆ సూత్రం మనకు నచ్చని సినిమాకూ వర్తిస్తుంది, రేపు మనం తీసే సినిమానూ కాపాడుతుంది. ఏ దృశ్యం ఎందుకు అబద్ధమో చూసి, రాసి, పత్రికలకు, సెన్సార్ బోర్డుకు పంపండి. మూడు, మన పిల్లలు ఇంజనీర్లు, డాక్టర్లు కావాలని దువా చేస్తాం. ఒక్కరినైనా కథ రాయనివ్వండి, కెమెరా పట్టనివ్వండి. చేతిలో ఫోనుంది. ముందు మీ అమ్మమ్మ చేత ఆమె కథ చెప్పించి చిత్రీకరించండి.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో 'గరమ్ హవా' చూశాను. ఎం.ఎస్. సత్యు దర్శకులు. ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసే సలీం మీర్జాగా బలరాజ్ సాహ్నీ నటించారు. అందరూ పాకిస్తాన్ వెళ్లిపోతున్నా ఆయన ఉండిపోవాలనుకుంటాడు. చివరకు విసిగి తానూ టాంగా ఎక్కుతాడు. దారిలో ఉద్యోగాల కోసం, బతుకు కోసం సాగే ఊరేగింపు ఎదురవుతుంది. ఆయన టాంగా దిగి అందులో కలిసిపోతాడు. ఆ రాత్రి హాస్టల్‌కు నడిచి వస్తూ, ఈ ఊళ్లో ఉద్యోగం చేయాలి, ఇక్కడే ఉండాలి అని నిశ్చయించుకున్నాను. ఒక సినిమా ఒక మనిషికి ఇంత చేయగలదని నాకు తెలుసు. అందుకే ఈ వయసులోనూ ఎదురుచూస్తున్నాను.

మా మనవడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మరునాడు నేను వీధి పిల్లలందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి, "ఇవాళ నుంచి పోలీసు పాత్ర వంతులవారీగా" అని చీటీలు వేయించాను. మూడో రోజు మా వాడి వంతు వచ్చింది. ఆ సాయంత్రం వాడు దీపాలు పెట్టేదాకా ఇంటికి రాలేదు. నేను పిలవలేదు.